మేలు చేసినవారికి మొహం చూపలేకపోతున్నాను

ప్రశ్న: మాది గుడివాడ. నేను ఒక ప్రైవేటు పాఠశాలలో లెక్కలు చెబుతాను. మావారు మస్కట్‌లో పనిచేస్తారు. ఇంట్లో నేను, అత్తగారు, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయి ఉంటాం. తొమ్మిదేళ్ల క్రితం వానలో తడుస్తూ మా గేటు దగ్గర దొరికిన కుక్కపిల్ల పండు మా ఇంట్లో నాలుగో మనిషిగా పెరిగాడు. మొన్న శ్రావణంలో వాడికి ముక్కు నుంచి రక్తం కారడం మొదలైంది. రాత్రి పదకొండింటికి ఫోన్ చేస్తే మా మరిది పెనమలూరు నుంచి కారులో వచ్చి, తెల్లవారేదాకా మాతో కూర్చుని, పొద్దున్నే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్లాడు. పిడుదుల వల్ల వచ్చిన జ్వరమని, రక్తకణాలు బాగా పడిపోయాయని అక్కడ చెప్పారు. ఎదురింటి పిన్నిగారు తన లాబ్రడార్ రాకీని తీసుకొచ్చి రక్తం ఇప్పించారు. నాతో పనిచేసే స్నేహితురాలు అడగకుండానే ముప్ఫై వేలు చేబదులు ఇచ్చి, నా తరగతులు కూడా తనే చూసుకుంది. కుక్క వంటింటి గడప తొక్కితే తలస్నానం చేసే మా అత్తగారు రాత్రుళ్లు వాడి పక్కన కూర్చుని చెంచాతో గంజి పట్టారు. పదకొండు రోజుల తరువాత పండు మా వరండాలోనే పోయాడు.

రెండు నెలలైంది. వీళ్లెవరికీ నేను మొహం చూపలేకపోతున్నాను. ఎదురింటి వైపు చూడకుండా గేటు వేసుకుంటున్నాను. నవరాత్రులలో పిన్నిగారు పేరంటానికి పిలిచినా వెళ్లలేదు. మరిదికి వాట్సాప్‌లో "థాంక్స్" అని పెడితే, "నన్ను పరాయివాణ్ణి చేసేశారా వదినా" అని రాసి ఊరుకున్నాడు. తలా ఒక వెండి గిన్నె ఇచ్చేస్తే సరిపోతుందని మావారు అంటున్నారు. బంధువులలో ఒకావిడ "కుక్కకు ఇంత హంగామానా" అన్న మాట మనసులోంచి పోవడం లేదు. బతకని ప్రాణం కోసం ఇంతమందిని ఇబ్బంది పెట్టానని సిగ్గుగా ఉంది. ఈ ఋణం ఎలా తీర్చుకోవాలి? (ఉత్తరాన్ని కుదించాం.)

సమాధానం: అమ్మా, మీ పూర్తి ఉత్తరంలో ఋణమన్న మాట ఆరుచోట్ల కనిపించింది, పండు చివరి పదకొండు రోజులు మాత్రం ఒక్క వాక్యంలో ముగిసిపోయాయి. ముందు ఆ పదకొండు రోజుల గురించి మాట్లాడుకుందాం. అది తేలితే మీకు సాయం చేసినవారి గురించి మాట్లాడుకోవడం తేలికవుతుంది.

మీ సిగ్గుకు మూలం "బతకని ప్రాణం కోసం" అన్న మాటలో ఉంది. పండు బతికి ఉంటే ఆ కారు ప్రయాణం, ఆ రక్తం, ఆ ముప్ఫై వేలు, ఆ గంజి సార్థకమయ్యేవనీ, వాడు పోయాడు గనుక అవన్నీ బూడిదలో పోసిన పన్నీరయ్యాయనీ మీరు లెక్క కట్టుకున్నారు. నేను పశువైద్యురాలిని కాను. అందువల్ల మీరు జతపరచిన రక్తపరీక్ష కాగితాలను నాకు తెలిసిన ఒక పశువైద్యురాలికి చూపించాను. ఈ కింద జబ్బు గురించి రాసినదంతా ఆవిడ నాకు ఓపికగా వివరించినదే.

ఈ జబ్బును తెచ్చేది ఎర్లీకియా అనే సూక్ష్మజీవి. గోధుమరంగు కుక్కపిడుదు, కొన్ని ప్రాంతాలలో దీనినే గోమారి అంటారు, కుట్టినప్పుడు అది కుక్క ఒంట్లోకి చేరి తెల్లరక్తకణాలలో కాపురం పెడుతుంది. పిడుదు కుట్టిన ఒకటి నుంచి మూడు వారాలలో జ్వరం, నీరసం, ఆకలి మందగించడం కనిపిస్తాయి. అప్పుడే గుర్తుపట్టి డాక్సీసైక్లిన్ అనే మందును సుమారు 28 రోజులు వాడితే ఎక్కువ కుక్కలు కోలుకుంటాయి. చిక్కు ఎక్కడ వస్తుందంటే, ఆ జ్వరం ఏ మందూ లేకుండానే తగ్గిపోయినట్టు కనిపించి, సూక్ష్మజీవి మాత్రం నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి లోపలే దాగి ఉండవచ్చు. ఆ కాలమంతా కుక్క మామూలుగానే తింటుంది, మొరుగుతుంది, గేటు దగ్గర కాపలా కాస్తుంది. ఇంట్లోవారికి అనుమానం రావడానికి సందే ఉండదు. వాటిలో కొన్నిటికి చివరకు ఎముకల్లోని మజ్జ దెబ్బతిని కొత్త రక్తకణాలు తయారు కావడం తగ్గిపోతుంది. పండు కాగితాలలో ఎర్రకణాలు, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోయి ఉన్నాయి. అది ఆ ఆఖరి దశకు గుర్తనీ, ఆ దశకు వచ్చిన తరువాత ఎంత మంచి వైద్యం అందినా నిలబడేవి తక్కువేననీ ఆవిడ చెప్పారు.

అలాంటప్పుడు రక్తం ఎందుకు ఎక్కించారని మీకు సందేహం రావచ్చు. బయటి నుంచి ఎక్కించిన రక్తం ఈ జబ్బును నయం చేయదు. అందులోని ప్లేట్‌లెట్లు కొద్ది రోజులకే అయిపోతాయి, ఎర్రకణాలు కొన్ని వారాలు పనిచేస్తాయి, ఈలోగా మందు తన పని మొదలుపెట్టడానికి వ్యవధి దొరుకుతుంది. ఒకవేళ మందు గెలవలేకపోయినా ఆ వ్యవధి మాత్రం దక్కుతుంది. మీ విషయంలో ఆ వ్యవధి పదకొండు రోజులు. ఆసుపత్రిలో తెలియని బల్ల మీద పోవలసిన పండు ఇంటికి తిరిగి వచ్చి, తనకు అలవాటైన వరండాలో, తనకు తెలిసిన వాసనల మధ్య పడుకున్నాడు. మీవాళ్లు ఇవ్వగలిగినది అదే, ఇచ్చిందీ అదే. మీరు అడిగిన వస్తువు వేరు గనుక చేతికొచ్చిన వస్తువు మీ కంటికి ఆనలేదు.

ఇక ఋణం సంగతి. ఈ రెండు నెలలుగా మీ మౌనం మీకు సిగ్గులాగా తోస్తున్నది, కాని అవతలివారికి అది అలా వినిపించదు. ఒక్కొక్కరికి ఒక్కో రకంగా వినిపిస్తుంది. పండు పోయిన దగ్గర నుంచి మీరు గేటు వేసుకుని తల తిప్పుకుంటున్నారంటే, ఎదురింటి పిన్నిగారు ఏమనుకుంటూ ఉంటారో ఒక్కసారి ఆలోచించండి. రాకీ రక్తం పండుకు సరిపడలేదేమో, తన కుక్క రక్తం వల్లనే పరిస్థితి చెడిందేమో, ఆ మాట అనలేక మీరు మొహం చాటేస్తున్నారేమో అని ఆవిడ లోలోపల కుమిలిపోతూ ఉండవచ్చు. పేరంటానికి పిలిచినా మీరు వెళ్లకపోవడంతో ఆ అనుమానం గట్టిపడే ఉంటుంది. నిజానికి ఆ భయానికి ఆధారం లేదు. మనుషులలో సరిపడని గ్రూపు రక్తం మొదటిసారే ప్రాణం మీదికి తేగలదు. కుక్కల సంగతి వేరు. వాటిలో అన్నిటికన్నా ముఖ్యమైన గ్రూపుకు ఎదురు తిరిగే ప్రతిరక్షకాలు పుట్టుకతో ఉండవు, కనుక మొదటిసారి ఎక్కించిన రక్తం తీవ్రంగా వికటించడం అరుదు. ఎక్కించిన తరువాత పండు లేచి నీళ్లు తాగాడని మీరే రాశారు. ఈ సంగతి పిన్నిగారికి మీ నోట వినిపించడం ఏ వెండి గిన్నె కన్నా విలువైనది, అత్యవసరమైనది కూడా.

అదే మౌనం మీ మరిదికి ఇంకోలా వినిపిస్తుంది. రాత్రికి రాత్రే వేరే ఊరికి బయలుదేరదీయకుండా తెల్లవారేదాకా ఆగడం తన తప్పేమోనని ఆయన అనుకుంటూ ఉండవచ్చు. డబ్బిచ్చిన స్నేహితురాలికైతే సందేహమే అక్కరలేదు: చేబదులు తీసుకున్న మనిషి తప్పుకు తిరుగుతున్నదంటే ఎవరికైనా తోచే అర్థం ఒక్కటే. అది మీ ఉద్దేశం కాదని నాకు తెలుసు, ఆమెకు తెలియాలి కదా.

మీ మరిది మాటకు వద్దాం. ఆయన కోపగించుకోలేదు, నొచ్చుకున్నారు. మన ఇళ్లలో థాంక్స్ అన్న మాటను బ్యాంకు ఉద్యోగికి, బస్సులో జరిగి చోటిచ్చినవారికి చెబుతాం. అమ్మ అన్నం పెడితే చెప్పం, తమ్ముడు సామాను మోస్తే చెప్పం. చెబితే అది గీత గీసినట్టు ఉంటుంది. మొన్నమొన్నటి దాకా నేను కూడా దీన్ని మనలోని మొరటుతనమే అనుకునేదాన్ని. ఇప్పుడు అలా అనుకోవడం లేదు, కాని ఆ మాట చెప్పకపోవడానికి ఏమీ చెప్పకపోవడానికి మధ్య చాలా తేడా ఉందన్నది మనవాళ్లు తరచు మరచిపోతారు. కృతజ్ఞత అన్న మాటను విడదీసి చూస్తే అందులో ఇచ్చిపుచ్చుకోవడం ఎక్కడా లేదు. కృతం అంటే చేసినది, జ్ఞ అంటే ఎరిగినవాడు. చేసినదానిని ఎరిగి ఉండటమే కృతజ్ఞత. మీ మరిదికి కావలసినది అదే: తను చేసిన పని మీకు తెలుసునని తనకు తెలియడం. వాట్సాప్‌లో ఒక్క పదం పంపితే ఏ పనిని మీరు చూశారో ఆయనకు ఎలా తెలుస్తుంది? ఫోన్ చేయండి. "ఆ రాత్రి నువ్వు పక్కన కూర్చోకపోతే నేను తెల్లవారేదాకా నిలబడలేకపోయేదాన్ని, కారు సీటు మీద రక్తం పడుతుంటే నువ్వు పల్లెత్తు మాట అనలేదు, నేను చూశాను" అని చెప్పండి. సీటు మాట మీ ఉత్తరంలో ఒక మూలన ఉంది. అంత చిన్న సంగతిని రెండు నెలల తరువాత కూడా మీరు గుర్తుపెట్టుకున్నారంటే, కృతజ్ఞత విషయంలో మీకు లోటేమీ లేదు. అది చేరవలసిన చోటికి చేరలేదు, అంతే.

వెండి గిన్నెల విషయంలో నా అనుభవం ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల క్రితం మా ముసలి పిల్లికి మూత్రపిండాలు పాడైతే, రోజు విడిచి రోజు చర్మం కింద సెలైన్ ఎక్కించవలసి వచ్చింది. నాకు సూది పట్టుకుంటే చెయ్యి వణుకుతుంది. మా పై అంతస్తులో ఉండే ఒక నర్సు అమ్మాయి డ్యూటీ నుంచి వస్తూ వస్తూ మా ఇంట్లో ఆగి, ఆ పని చేసి, టీ కూడా తాగకుండా వెళ్లేది. నాలుగు నెలలు అలా చేసింది. పిల్లి పోయిన వారానికి నేను ఆ అమ్మాయిని పిలిచి, బొట్టు పెట్టి, మంచి చీర ఒకటి చేతిలో పెట్టాను. తీసుకుంది. ఆ తరువాత ఎందుకో రావడం తగ్గించింది, మెట్ల మీద కనిపించినా నవ్వి వెళ్లిపోయేది. చాలాకాలానికి అడిగితే, "చీర పెట్టారు కదమ్మా, ఇక రానక్కరలేదనుకున్నాను" అన్నది. మన పద్ధతిలో బట్టలు పెట్టడమంటే చుట్టాన్ని సాగనంపడం. నేను ఇష్టం చూపించాననుకున్నాను, ఆ అమ్మాయికి లెక్క చూసి పంపించినట్టయింది. అందువల్ల ఇప్పుడప్పుడే గిన్నెలు వద్దు. సంక్రాంతికో, మీ అబ్బాయి పుట్టినరోజుకో మామూలుగా ఇచ్చేవి ఇవ్వండి. పండు పేరు మీద ఇవ్వకండి.

మీవారిని తప్పుపట్టడం లేదు. అంత దూరాన ఉన్న మనిషి కుక్కను ఎత్తుకోలేకపోయారు, గంజి కాచలేకపోయారు. అక్కడి నుంచి ఆయన చెయ్యి అందుకోగలిగినది డబ్బొక్కటే. ఆయన తన తమ్ముడికి స్వయంగా ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడితే గిన్నెలకన్నా బాగుంటుందని నా మాటగా చెప్పండి.

ముప్ఫై వేల సంగతి మాత్రం పూర్తిగా వేరు. అది చేబదులు, దానిని తీర్చవలసిందే, పైసాతో సహా తీర్చవలసిందే. "మనలో మనకేమిటి, నెమ్మదిగా ఇద్దువుగానిలే" అని ఆమె అంటే ఆమె మర్యాద అది. దానిని ఆసరా చేసుకోకండి. ఒకేసారి ఇవ్వగలిగితే ఇచ్చేయండి, లేదా నెలకు ఇంతని చెప్పి ఆ తేదీ తప్పకండి. ఇచ్చేటప్పుడు మిఠాయి డబ్బా జోడించకండి. డబ్బును డబ్బుగా తీర్చేస్తే, ఆమె చేసిన రెండో మేలు, మీ తరగతులను చూసుకోవడం, దాని దారిన అది స్నేహంగా నిలుస్తుంది. లెక్కల టీచరు మీకు తెలియనిది కాదు: ప్రమాణాలు వేరైనవాటిని కలిపి కూడకూడదు. ఆమెకు సెలవు అవసరమైన రోజున, ఆమె అడగకముందే ఆ తరగతులలోకి మీరు వెళ్లండి.

అత్తగారి దగ్గరకు వచ్చేసరికి నేను కొంచెం ఆగవలసి వచ్చింది. మీ ఉత్తరంలో ఆవిడకు ఒకే వాక్యం దక్కింది; నాకు మాత్రం అందరికన్నా ఆవిడే ఎక్కువగా కనిపించారు. మీరు, అబ్బాయి పొద్దున్నే బడికి వెళ్లిపోతే సాయంత్రం దాకా ఆ ఇంట్లో ఉండేది ఎవరు? తొమ్మిదేళ్ల పాటు ఆవిడ, పండు. వంటింటి గడప తొక్కనివ్వలేదంటే, తొక్కబోయిన ప్రతిసారీ ఆవిడ చూస్తూనే ఉన్నారన్నమాట. రోజుకు పదిసార్లు అదిలించిన ప్రాణి లేకపోయాక ఆ గడప ఎంత బోసిగా ఉంటుందో మీకు బడిలో తెలియదు. మడి కట్టుకునే మనిషి ఆ రాత్రుళ్లు మడిని పక్కన పెట్టి నేల మీద కూర్చున్నారు, ఆ సంగతి నలుగురిలో ప్రస్తావిస్తే ఆవిడ ఇబ్బంది పడతారు. పొగడకండి, థాంక్స్ అసలే చెప్పకండి. ఏదో ఒక సాయంత్రం వరండాలో ఆవిడ పక్కన కూర్చుని, "రాత్రుళ్లు వాడితో ఏదో మాట్లాడుతూ ఉండేవారు కదా, ఏం చెప్పేవారు అత్తయ్యా?" అని అడగండి. ఆవిడ చెప్పకపోవచ్చు, "కుక్కతో మాటలేమిటి" అని కసిరినా కసరవచ్చు. ఫరవాలేదు, మీరు విన్నారని ఆవిడకు తెలుస్తుంది.

"కుక్కకు ఇంత హంగామానా" అన్న బంధువు గురించి ఎక్కువ రాయను. అయిదుగురు చేసిన పని పక్కన ఒకరు అన్న మాటను పెట్టి, ఆ ఒక్క మాటకు సమాధానం వెతుకుతూ ఆ అయిదుగురికి దూరమయ్యారు మీరు. ఆవిడకు సమాధానం అవసరం లేదు. అయిదుగురన్నానని ఆశ్చర్యపోకండి, రాకీని కూడా కలిపాను.

రాకీ చేసింది చిన్న పని కాదు. రక్తం ఇచ్చే కుక్క ఇరవైఐదు కిలోలు దాటి ఉండాలి, టీకాలన్నీ పడి ఉండాలి, పిడుదుల జ్వరం తనకు లేదని పరీక్షలో తేలాలి, ఎందుకంటే ఆ జబ్బు రక్తం ద్వారా కూడా పాకుతుంది. మెడ దగ్గర వెంట్రుకలు గొరిగి, అక్కడి పెద్ద సిర నుంచి సుమారు 450 మిల్లీలీటర్ల వరకు తీస్తారు. అంతసేపూ అది కదలకుండా పడుకోవాలి. యజమాని తల నిమురుతూ ఉంటే తప్ప లాబ్రడార్ లాంటి చిందులేసే జాతి అలా పడుకోదు. తన పెంపుడుకుక్క మెడలో సూది దిగుతుంటే చూస్తూ నిలబడటానికి పిన్నిగారికి ఎంత గుండె కావాలో మీకు నేను చెప్పనక్కరలేదు. గొరిగిన చోట వెంట్రుకలు ఈపాటికి పెరిగే ఉంటాయి, మీరు చూడలేదు.

రాకీ ఋణం తీర్చే మార్గం ఒకటి మీ చేతిలోనే ఉంది. గోధుమరంగు పిడుదు కుక్క ఒంటి మీద కన్నా గోడ పగుళ్లలో, గుమ్మాల సందుల్లో, కుక్క పడుకునే చోట ఎక్కువగా ఉంటుంది. ఒక్క ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది, పిడుదులు ఆహారం లేకుండా నెలల తరబడి బతకగలవు. అంటే పండు పడుకున్న వరండాలో అవి ఇంకా ఉండే అవకాశం ఉంది, ఎదురింటికి రోడ్డు ఒక్కటే అడ్డం. పశువైద్యుణ్ణి అడిగి వరండాకు, పెరటికి మందు కొట్టించండి, పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి, పండు గోనెపట్టాలను దాచుకోవాలని ఉన్నా మరిగే నీళ్లలో ఉతికించకుండా దాచకండి. రాకీకి పిడుదులు పట్టకుండా నెలకొకసారో మూడు నెలలకొకసారో వేసే మాత్ర వేస్తున్నారో లేదో పిన్నిగారిని అడగండి. ఆ తరువాత, ఆవిడకు అభ్యంతరం లేకపోతే, సాయంత్రం పూట రాకీని తిప్పే పని మీ అబ్బాయికి అప్పగించండి. ఈ రెండు నెలలుగా గొలుసు పట్టుకోవడానికి ఏ కుక్కా లేని చేతులు వాడివి కూడా.

ముందుగా మాత్రం మీరే వెళ్లండి. పేరంటం దాటిపోయిందని వెనకాడకండి. "రాలేకపోయాను పిన్నిగారూ, పండు పోయాక మీ గేటు వైపు చూడలేకపోయాను" అన్న ఒక్క మాటతో లోపలికి అడుగుపెట్టవచ్చు. రక్తం ఎక్కించిన సాయంత్రం పండు లేచి నీళ్లు తాగిన సంగతి అప్పుడే చెప్పండి. రాకీ కోసం ఏదైనా పట్టుకెళ్లాలనిపిస్తే లడ్డూలు, పాయసం వద్దు, వాటిలో వేసే కిస్మిస్ కుక్కల మూత్రపిండాలను దెబ్బతీయగలదు. చాక్లెట్ కూడా వాటికి విషమే. ఉడికించిన కోడిగుడ్లు రెండు చాలు. ఉప్పు వేయకండి.